ఆస్టిన్‌లో 200 గజాల స్థలం: నగరం ఒక దారి, రాష్ట్రం ఒక దారి

సంక్షిప్తంగా

టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో అపార్ట్‌మెంట్ అద్దెలు 2022–23 నాటి గరిష్ఠ స్థాయి నుంచి దాదాపు ఐదో వంతు తగ్గాయి. నగరాన్ని నడిపేది డెమోక్రాట్లు, రాష్ట్రాన్ని ఏలేది రిపబ్లికన్లు. అద్దెలకు హద్దు పెట్టడం, కొత్త కట్టడాల్లో కొన్ని ఇళ్లు తక్కువ ధరకే అమ్మాలని షరతు పెట్టడం వంటి అధికారాలను రాష్ట్రం నగరానికి లేకుండా చేసింది. నగరం చేతిలో మిగిలిన పెద్ద పని ఎక్కువ ఇళ్లు కట్టనివ్వడమే. దానికి ఏళ్ల తరబడి అడ్డుపడింది మాత్రం నగరంలోని ఇళ్ల యజమానులే. కట్టనిచ్చాక మధ్యతరగతికి ఊరట దొరికింది. అట్టడుగు ఆదాయాల వారికి ఆ ఊరట అంతగా అందలేదు.

639 గజాల నుంచి 200 గజాలకు

తెలుగు ఊళ్లలో 200 గజాల స్థలం ఉన్నవాళ్లతో ఇల్లు కట్టుకోవడానికి అది చాలదని ఎవరూ అనరు. కింద ఒక వాటా, పైన ఒక వాటా వేసి, పైది అద్దెకిచ్చుకునే ఇళ్లు ప్రతి పట్టణంలోనూ ఉంటాయి. ఆస్టిన్‌లో చాలా భాగంలో 2024 వరకు అంత చిన్న స్థలాన్ని విడగొట్టి ఇల్లు కట్టడానికి అనుమతి ఉండేది కాదు. ఏ స్థలంలో ఏం, ఎంత కట్టవచ్చో చెప్పే జోనింగ్ నియమాల ప్రకారం ఒక ఇంటి స్థలం కనీసం 5,750 చదరపు అడుగులు ఉండాలి. అంటే దాదాపు 639 గజాలు. 2024 మేలో సిటీ కౌన్సిల్ ఆ హద్దును 1,800 చదరపు అడుగులకు తగ్గించింది. గజాల్లో సరిగ్గా 200.

ఈ మార్పు ఏం చేస్తుందో ఒక్క స్థలం దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. తూర్పు ఆస్టిన్‌లో 1950ల నాటి చెక్క ఇల్లు ఒకటి ఉందనుకుందాం. ఒకటే అంతస్తు, రెండు పడకగదులు. ముందు గడ్డి, పక్కన కారు దారి, పెరట్లో పెద్ద పెకాన్ చెట్టు. ఇంటికి పెద్ద విలువ లేదు, ధర పలికేదంతా నేలే. ఆ నేల 6 లక్షల డాలర్లు అనుకుంటే, పాత నియమం కింద దాన్ని కొన్న బిల్డర్‌కు గిట్టుబాటయ్యే దారి సాధారణంగా ఒక్కటే. ఇల్లు పడగొట్టి, దాని చోట ఒక పెద్ద ఇల్లు లేపి, 12 లక్షలకో 15 లక్షలకో అమ్మాలి. ఒక ఇల్లు పోయి ఒక ఇల్లు వచ్చింది. ఊళ్లో ఇళ్ల లెక్క పెరగలేదు, ఆ వీధిలో ఉండగలిగిన కుటుంబం మాత్రం మారిపోయింది. కొత్త నియమం కింద అదే నేల మీద మూడు చిన్న ఇళ్లు పడతాయి. ఒక్కో ఇంటి మీద పడే నేల ఖరీదు 2 లక్షలకు దిగుతుంది.

మూడూ చవక ఇళ్లేమీ కావు. ఏ ఊళ్లోనైనా కొత్త కట్టడం ఖరీదు కొత్త కట్టడానిదే. అయితే ఒక నర్సు, ఒక స్కూలు టీచరు కలిసి అప్పు తీసుకుంటే అందే ధరకూ, కంపెనీ షేర్లు అమ్ముకున్నవారికి మాత్రమే అందే ధరకూ ఉన్న తేడా చిన్నది కాదు.

కనీస స్థలం తగ్గినా తగ్గని నియమాలు కొన్ని ఉన్నాయి. విడివిడి ఇళ్ల ప్రాంతాల్లో స్థలంలో 45 శాతానికి మించి నేలను కప్పకూడదు. మిగతా నేల వాననీరు ఇంకడానికి వదలాలి. 1,800 చదరపు అడుగుల్లో 45 శాతం అంటే 810. ఇంటి పునాది, నడక దారి, కారు నిలిపే చప్టా అన్నీ ఆ 810లోనే సర్దుకోవాలి. అందుకే ఈ ఇళ్లు సన్నగా పైకి లేస్తాయి. పెరట్లోని పెకాన్ మాను అడ్డుకొలత 24 అంగుళాలు దాటితే 2010 నాటి చెట్ల రక్షణ నియమం వర్తిస్తుంది. బిల్డర్ ఇల్లు గీసేది చెట్టు చుట్టూనే.

దీనికి ముందే రెండు మార్పులు వచ్చాయి. 2023 నవంబరులో కొత్త కట్టడాలకు ఇన్ని కారు స్థలాలు తప్పనిసరి అన్న నిబంధనను నగరం మొత్తానికీ ఎత్తేశారు. అప్పటికి అమెరికాలో ఆ పని చేసిన నగరాల్లో ఆస్టిన్‌దే పెద్ద జనాభా. కారు నిలపడానికీ తిప్పుకోవడానికీ కలిపి దాదాపు 300 చదరపు అడుగులు పోతాయి. కారు లేని కుటుంబం కూడా ఆ ఖర్చును అద్దెలో కట్టేది. మరుసటి నెలలో ఒక్కో ఇంటి స్థలంలో మూడు ఇళ్ల దాకా కట్టుకోవచ్చని కౌన్సిల్ తీర్మానించింది. హోమ్ అనే పేరుతో నడిచిన సంస్కరణలో అది మొదటి దశ, 200 గజాల నియమం రెండో దశ.

ఎర్ర రాష్ట్రంలో నీలి నగరం

అమెరికాలో ఎరుపు రిపబ్లికన్ల రంగు, నీలం డెమోక్రాట్లది. 1994 తర్వాత టెక్సస్‌లో రాష్ట్రవ్యాప్త పదవికి డెమోక్రాట్ ఎవరూ గెలవలేదు. శాసనసభ రెండు సభలూ 2003 నుంచి రిపబ్లికన్ల చేతిలోనే ఉన్నాయి. ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీలో (కౌంటీ అంటే జిల్లా లాంటిది) 2020 అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రటిక్ అభ్యర్థికి 70 శాతం దాటి ఓట్లు పడ్డాయి. ఆ నగరం నడిబొడ్డునే రాష్ట్ర శాసనసభ భవనం ఉంది. శాసనసభ బేసి సంవత్సరాల్లో 140 రోజులు కూర్చుంటుంది. రెండేళ్ల పాటు నగరం చేసుకున్న నిర్ణయాల్లో కొన్నింటికి ఆ 140 రోజుల్లో గండి పడుతుంది.

అమెరికాలో నగరానికి సొంత సార్వభౌమాధికారమేదీ లేదు. రాష్ట్రం ఇచ్చినంతే నగర అధికారం, రాష్ట్రం తీసుకుంటే అది పోతుంది. ఇళ్ల విషయంలో టెక్సస్ తీసుకున్నవి ఎక్కువే.

అద్దె నియంత్రణ సంగతి ముందు చూడాలి. విపత్తు వల్ల ఇళ్లకు అత్యవసర పరిస్థితి వచ్చి, దానికి గవర్నర్ ఆమోదం ఉంటే తప్ప టెక్సస్ నగరం అద్దెలకు హద్దు పెట్టకూడదు. 2005లో వచ్చిన చట్టం కొత్త ఇళ్లకు గరిష్ఠ అమ్మకపు ధర నిర్ణయించే అధికారాన్ని నగరాలకు లేకుండా చేసింది. కొత్త కట్టడాల మీద రుసుము వేసి ఆ డబ్బుతో పేదలకు ఇళ్లు కట్టిద్దామని ఆస్టిన్ ఆలోచిస్తుండగా 2017లో ఆ దారినీ మూసేశారు.

వీటిలో ఎక్కువ మంది బతుకుల మీద నేరుగా పడింది 2015 చట్టం. అమెరికాలో తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వం అద్దె వోచర్లు ఇస్తుంది. ఆదాయంలో సుమారు 30 శాతం కుటుంబం కడితే, మిగతాది ప్రభుత్వం నేరుగా ఇంటి యజమానికి చెల్లిస్తుంది. చాలామంది యజమానులు వోచర్ ఉందనగానే ఇల్లు లేదంటారు. అలా తిప్పి పంపడం కుదరదని ఆస్టిన్ కౌన్సిల్ 2014 డిసెంబరులో నియమం చేసింది. ఏడాది తిరక్కుండానే రాష్ట్రం దాన్ని రద్దు చేసింది. మాజీ సైనికులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. కొత్తగా కట్టాల్సిన ఇల్లు గానీ, పెట్టాల్సిన పైసా గానీ లేని విషయం ఇది. ఉన్న వోచర్, ఉన్న ఖాళీ ఇల్లు ఒకదానికొకటి అందకుండా పోయాయి. రాష్ట్రం చేసిన పనుల్లో సమర్థించడానికి అన్నిటికంటే కష్టమైనది ఇదే.

పన్నుల దగ్గరా కట్టడి ఉంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. నగరాలు, స్కూళ్లు ప్రధానంగా ఆస్తి పన్ను మీదే నడుస్తాయి. 2019 చట్టం ప్రకారం పాత ఆస్తుల మీద వచ్చే పన్ను రాబడి ఏటా 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్ల అనుమతి కావాలి.

ఉదారవాద నగరాలు సాధారణంగా వాడే పరికరాలన్నీ ఇలా పోయాయి. ఇంటి యజమానికి తన నేల మీద ఇంకా ఎక్కువ కట్టుకునే హక్కు ఇవ్వడానికి మాత్రం రాష్ట్రం అడ్డుపడలేదు. ఆస్తి హక్కు సంప్రదాయవాదులకు కూడా ఇష్టమైన మాటే.

నగరమే నగరానికి అడ్డుపడిన కాలం

ఈ కథను పేదల పక్షాన నిలిచిన నగరం, వారికి వ్యతిరేకమైన రాష్ట్రం అన్నట్టు చెప్పడం తేలిక. అలా చెబితే సగం వదిలేసినట్టే.

1928లో ఆస్టిన్ తొలి నగర ప్రణాళిక నల్లజాతీయుల స్కూళ్లు, పార్కులు, ఇతర సౌకర్యాలను నగరం తూర్పు భాగంలోనే పెట్టాలని సిఫారసు చేసింది. మిగతా చోట్ల సౌకర్యాలు లేకపోతే వాళ్లే అక్కడికి వెళతారన్నది ఆలోచన, అలాగే జరిగింది. 1962లో ఇంటర్‌స్టేట్ 35 రహదారి పాత ఈస్ట్ అవెన్యూ మీదుగా వచ్చి ఆ విభజన గీతను కాంక్రీటుతో గీసింది. 2000 నుంచి 2010 వరకు నగర జనాభా 20 శాతం పెరిగితే, నల్లజాతీయుల సంఖ్య తగ్గింది. కంపెనీలు, జీతాలు పెరిగాయి, నేల ధర పెరిగింది, తూర్పున పాత కుటుంబాలు పన్ను కట్టలేక అమ్ముకుని శివార్లకు పోయాయి.

పడమటి పేటల్లో మాత్రం కొత్త ఇళ్లు రాకుండా కాచుకునే శక్తి ఉండేది. ఆస్టిన్ పర్యావరణ ఉద్యమం నిజమైనది, గర్వించదగినది కూడా. బార్టన్ స్ప్రింగ్స్ ఊటలోకి మురుగు రాకుండా 1992లో ఓటర్లే ఒక నియమాన్ని గెలిపించుకున్నారు. తర్వాత తర్వాత ఆ భాష ప్రతి అపార్ట్‌మెంట్‌కూ అడ్డుచెప్పే భాషగా మారింది. నగరం నడుమ నాలుగంతస్తులు వద్దంటే, ఆ కుటుంబాలు 30 మైళ్ల దూరంలో అడవి కొట్టి వేసిన లేఅవుట్లకు పోతాయి. ఊటకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

1984 నాటి జోనింగ్ నియమావళిని తిరగరాయాలని 2013లో మొదలైన కసరత్తు పేరు కోడ్‌నెక్స్ట్. ఐదేళ్లు, 80 లక్షల డాలర్లకు పైగా ఖర్చు, వందల పేజీల చిత్తుప్రతులు అయ్యాక 2018 ఆగస్టులో కౌన్సిల్ దాన్ని వదిలేసింది. 2019లో మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి కౌన్సిల్‌లో 11 మందికి ఏడుగురు అనుకూలం. అయినా ఆగింది, ఎందుకంటే కొందరు ఇళ్ల యజమానులు కోర్టుకెళ్లి ఒక రాష్ట్ర చట్టాన్ని చూపించారు.

ఆ చట్టం పనిచేసే తీరు ఇది. ఒక స్థలం జోనింగ్ మార్చబోతే, ఆ స్థలంలో లేదా దాని చుట్టూ 200 అడుగుల లోపు ఉన్న నేలలో 20 శాతం చేతిలో ఉన్న యజమానులు వ్యతిరేకంగా సంతకం పెడితే చాలు. ఆ మార్పుకు మామూలు మెజారిటీ సరిపోదు, నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. ఎప్పటినుంచో ఉన్న నియమమే. నగరం మొత్తానికి నియమావళి మారుస్తున్నప్పుడు ఇది వర్తించదని నగరం వాదించింది. వర్తిస్తుందని 2020 మార్చిలో జిల్లా కోర్టు చెప్పింది, 2022లో అప్పీలు కోర్టు సమర్థించింది. 11 మందిలో నాలుగింట మూడొంతులు అంటే తొమ్మిది మంది. ఏడుగురు చాలలేదు.

సంతకం పెట్టే హక్కు నేల ఉన్నవాళ్లకే. పక్క అపార్ట్‌మెంట్‌లో పదేళ్లుగా అద్దెకుంటున్న వ్యక్తికి ఆ లెక్కలో చోటు లేదు. ఆస్టిన్ జనంలో సగానికి పైగా అద్దెకే ఉంటారు.

2023కి పరిస్థితి ఎలా మారింది? కారణాలు రెండు మూడు కలిశాయి. 2014కు ముందు కౌన్సిల్ సభ్యులను నగరం మొత్తం నుంచి, మే నెల ఎన్నికల్లో ఎన్నుకునేవారు. ఓటేసేది ఎక్కువగా పడమటి పేటల పాతకాపులే. 2014 నుంచి పది డివిజన్లు, ఒక మేయర్, నవంబరు ఎన్నికలు వచ్చాయి. తూర్పు, ఉత్తర, దక్షిణ పేటల అద్దెదారుల ఓట్లకు బలం వచ్చింది. మహమ్మారి తర్వాత అద్దెలు ఎగబాకిన తీరు అంతకుముందు వద్దన్నవారి మనసులనూ మార్చింది. హోమ్ తీర్మానాన్ని ముందుండి నడిపిన కౌన్సిల్ సభ్యురాలు లెస్లీ పూల్ అంతకుముందు జోనింగ్ సడలింపులను గట్టిగా వ్యతిరేకించినవారే. 2023 డిసెంబరులోనూ, 2024 మేలోనూ ఓటింగ్ 9–2తో ముగిసింది. పిటిషన్లు వచ్చినా నిలబడే అంకె అది.

మిగిలిన సందుల్లోంచి

రాష్ట్రం మూసిన తలుపుల పక్కన నగరం వెతుక్కున్న దారులు కొన్ని ఉన్నాయి. 2005 చట్టం ధర నిర్ణయించే షరతును నిషేధించింది గానీ, డెవలపర్ తనంతట ఒప్పుకుంటే ప్రతిఫలం ఇవ్వడాన్ని నిషేధించలేదు. ఆస్టిన్ దాన్నే పట్టుకుంది. ‘మామూలుగా నాలుగంతస్తులు కట్టుకో, కొన్ని ఇళ్లు తక్కువ అద్దెకు ఇస్తానంటే ఇంకా పైకి కట్టుకో’ అన్నది బేరం. 2004లో విశ్వవిద్యాలయం పడమటి పక్క పేటకు ఈ పద్ధతి తెచ్చారు. ఒకప్పుడు పాత ఇళ్లను గదులుగా విడగొట్టి విద్యార్థులకు అద్దెకిచ్చిన వీధుల్లో ఇప్పుడు బహుళ అంతస్తుల భవనాలున్నాయి. క్లాసుకు నడిచి వెళ్లే విద్యార్థుల సంఖ్య పెరిగింది. 2019లో తెచ్చిన పథకం ఇంకా ముందుకెళ్లి, సగం ఇళ్లు తక్కువ ఆదాయాల వారికి ఇచ్చే భవనాలకు ఎత్తు, పార్కింగ్ నిబంధనల్లో పెద్ద సడలింపులు ఇచ్చింది.

ఈ బేరంలో ఒక చిక్కుంది. అసలు నియమం బిగుతుగా ఉన్నంతసేపే సడలింపుకు విలువ. అందరికీ ఎక్కువ అంతస్తులు ఇచ్చేస్తే, పేదల ఇళ్ల కోసం బేరమాడటానికి నగరం దగ్గర ఏమీ మిగలదు. ఆస్టిన్‌లో ఇళ్ల కోసం పనిచేసేవాళ్లే రెండుగా చీలి వాదించుకునే అంశం ఇది, తేలికగా తేలేది కాదు.

నేల నగరానిదే అయితే ఈ చిక్కులేవీ లేవు. 1999లో మూతపడిన ముల్లర్ విమానాశ్రయం దాదాపు 700 ఎకరాలు. ఆ నేల నగరం చేతిలో ఉంది కాబట్టి అక్కడ వచ్చే ఇళ్లలో నాలుగో వంతు తక్కువ ఆదాయాల వారికే అని ఒప్పందంలోనే రాయించింది. ఒకే వీధిలో, ఒకే రకం వరండాలతో, పూర్తి ధరకు కొన్న ఇల్లూ సగం ధరకు దగ్గరగా కొన్న ఇల్లూ పక్కపక్కనే ఉంటాయి. బయటి నుంచి చూసి ఏది ఏదో చెప్పలేరు. ఇంకో దారి బాండ్లు. అందుబాటు ఇళ్ల కోసం 2018లో 25 కోట్ల డాలర్లు, 2022లో 35 కోట్ల డాలర్ల అప్పుకు ఓటర్లు ఆమోదం తెలిపారు.

అద్దెలు ఏ కారణంతో తగ్గాయి

హోమ్ వచ్చింది, అద్దెలు తగ్గాయి అని చాలాచోట్ల రాస్తున్నారు. క్యాలెండర్ చూస్తే అది పొసగదు. హోమ్ రెండో దశ అమల్లోకి వచ్చేసరికే అద్దెలు దిగడం మొదలైంది. దాని కింద వచ్చిన దరఖాస్తులు మొదట్లో వందల్లోనే ఉన్నాయి. దాని ఫలితం పదేళ్లలో తెలుస్తుంది, ఏడాదిలో కాదు.

అద్దెలు దింపింది అపార్ట్‌మెంట్లు. 2021లో ఆస్టిన్, దాని చుట్టుపక్కల ఊళ్లలో కలిపి దాదాపు 50 వేల ఇళ్లకు పర్మిట్లు ఇచ్చారు. ఆ ప్రాంత జనాభా అప్పటికి 24 లక్షల లోపే. వడ్డీలు సున్నా దగ్గరుండగా డబ్బు సమకూరింది. కంపెనీలు తరలివస్తున్నాయి, ఒరాకిల్ 2020లో, టెస్లా 2021లో తమ ప్రధాన కార్యాలయాలను ఇక్కడికి తెచ్చుకున్నాయి. అప్పుడు పునాది వేసిన భవనాలన్నీ 2023, 2024ల్లో ఒక్కసారిగా తలుపులు తెరిచాయి. ఖాళీలు నింపుకోవడానికి యజమానులు నెల, రెండు నెలల అద్దె మాఫీ ప్రకటించారు. కొత్త భవనంలోకి మారిన కుటుంబం 1990ల నాటి కాంప్లెక్సులో ఒక ఫ్లాటు ఖాళీ చేస్తుంది. ఆ కాంప్లెక్సూ అద్దె దించాల్సి వస్తుంది. పాత అపార్ట్‌మెంట్లలోనూ అద్దెలు తగ్గాయన్నది ఈ దశాబ్దంలో ఆస్టిన్ నుంచి వచ్చిన కీలకమైన రుజువు. కొత్తవి ధనికులకే కదా, వాటివల్ల పేదలకు ఏం లాభం అన్న వాదన ఇక్కడ నిలవలేదు.

వడ్డీలు పెరిగి, అద్దెలు తగ్గాక బిల్డర్లు వెనక్కి తగ్గారు. కొత్త పర్మిట్లు బాగా పడిపోయాయి. భవనం రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి, ఈ కొరత అద్దెల్లో కనిపించేది కొంత ఆలస్యంగా. హోమ్ వంటి నియమాల అసలు పరీక్ష అప్పుడే.

ఆ అద్దె కూడా అందనివారు

తగ్గిన తర్వాత సగటు అద్దె నెలకు 1,400 డాలర్ల దరిదాపుల్లోకి వచ్చింది. టెక్సస్‌లో కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. ప్రైవేటు ఉద్యోగాలకు దాన్ని పెంచే అధికారమూ నగరానికి లేదు. వారానికి 40 గంటలు, ఏడాదంతా సెలవు లేకుండా పనిచేస్తే నెలకు సుమారు 1,257 డాలర్లు. జీతమంతా పోసినా అద్దెకు చాలదు. ఆస్టిన్‌లో చాలామందికి అంతకంటే ఎక్కువే వస్తుంది, నిజమే. గంటకు 15 డాలర్లు వచ్చే వంటపనివారికి నెలకు 2,600. అందులో సగానికి మించి ఇంటికే పోతే, మిగిలిన దాంతో కారు, తిండి, వైద్యం నడవాలి. మార్కెట్ ఎంత కట్టినా ఈ తేడా పూడదు. దాన్ని పూడ్చాల్సిన వోచర్‌ను యజమాని కాదనొచ్చని చట్టం చెబుతోంది.

ఇల్లే లేనివారి విషయంలో నగరం, రాష్ట్రం ఎదురెదురుగా నిలబడ్డాయి. 2019లో కౌన్సిల్ బహిరంగ స్థలాల్లో గుడారాలు వేసుకోవడాన్ని నేరం కాకుండా చేసింది. వంతెనల కింద గుడారాలు బారులు తీరాయి. ఉండటానికి చోటు చూపకుండా నిషేధం మాత్రం ఎత్తేయడంతో సమస్య తీరలేదు సరికదా, అందరి కళ్ల ముందుకూ వచ్చింది. గవర్నర్ గ్రెగ్ అబాట్ ప్రభుత్వం అదే ఏడాది చివర్లో నగరం తూర్పున రాష్ట్ర భూమిలో ఒక శిబిరం తెరిచింది. 2021 మేలో నగర ఓటర్లే 57 శాతం మెజారిటీతో నిషేధాన్ని తిరిగి తెచ్చారు. ఆ ఏడాదే రాష్ట్రవ్యాప్త నిషేధమూ వచ్చింది. ఇదే కాలంలో నగరం పాత మోటెళ్లను కొని ఇళ్లుగా మార్చే పని చేపట్టింది.

నగరం తూర్పు సరిహద్దు బయట కమ్యూనిటీ ఫస్ట్ విలేజ్ అనే చిన్న ఇళ్ల ఊరు ఉంది. 2015లో మొదలైంది. ఏళ్ల తరబడి వీధుల్లో బతికినవారు ఇప్పుడు అక్కడ అద్దె కట్టి ఉంటున్నారు. కొన్ని ఇళ్లలో మంచం, కుర్చీ, చిన్న వంట అర వరకే చోటు. స్నానాల గదులు, పెద్ద వంటశాల అందరికీ ఉమ్మడి. అది నగర సరిహద్దుకు బయట ఉండటం యాదృచ్ఛికం కాదు. టెక్సస్‌లో కౌంటీలకు జోనింగ్ అధికారం లేదు. సరిహద్దు దాటితే చుట్టుపక్కలవారి సంతకాలతో ఆపే యంత్రాంగమే ఉండదు.

హ్యూస్టన్ కూడా ఇదే రాష్ట్రంలో, ఇవే చట్టాల కింద ఉంది. అక్కడ నిరాశ్రయుల సంఖ్య 2011 నుంచి 60 శాతానికి పైగా తగ్గింది. అక్కడ నగరం, కౌంటీ, స్వచ్ఛంద సంస్థలు ఒకే జాబితా పట్టుకుని, ముందు ఇల్లు, తర్వాతే మిగతా చికిత్సలు అన్న పద్ధతిలో పనిచేశాయి. అద్దెలు తక్కువగా ఉండటం వాళ్లకు కలిసొచ్చింది. 1998లోనే హ్యూస్టన్ నగరం నడిమి భాగంలో 1,400 చదరపు అడుగుల స్థలాల్లో ఇళ్లు కట్టనిచ్చింది. ఆస్టిన్ 2024లో చేసిన పని అక్కడ పాతికేళ్ల పాతది.

2025 నవంబరులో నిరాశ్రయుల సేవలతో సహా కొన్ని పనులకు ఆస్తి పన్ను పెంచాలన్న ప్రతిపాదనను ఆస్టిన్ ఓటర్లు స్పష్టమైన మెజారిటీతో తోసిపుచ్చారు. 3.5 శాతం హద్దు దాటాలంటే అడగాల్సింది వాళ్లనే. అప్పటికే పన్ను బిల్లులు మోస్తున్న ఓటరు వద్దన్నాడు.

రాష్ట్రం కూడా ఆ వైపే

2025 సమావేశాల్లో టెక్సస్ శాసనసభ చేసిన చట్టాలు ఆస్టిన్ సంస్కరణలకు దగ్గరగా ఉన్నాయి. పెద్ద కౌంటీల్లో 1.5 లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలు వాణిజ్య ప్రాంతాల్లో అపార్ట్‌మెంట్లను అడ్డుకోకూడదు. అవే నగరాలు ఐదెకరాలు, అంతకు పైబడిన కొత్త లేఅవుట్లలో 3,000 చదరపు అడుగుల స్థలాలను అనుమతించాలి. ఇళ్లు పెంచే జోనింగ్ మార్పును ఆపడానికి కావలసిన సంతకాల వాటాను 20 నుంచి 60 శాతానికి పెంచారు. ఆస్టిన్‌ను ఏళ్ల పాటు ఆపిన నియమాన్ని సడలించింది చివరికి రిపబ్లికన్ శాసనసభే. అదే సమావేశాల్లో అద్దెదారులను ఖాళీ చేయించే ప్రక్రియను త్వరగా ముగించే చట్టమూ వచ్చింది. రెండూ ఒకే ఆలోచన నుంచి వచ్చాయి: నేల యజమాని చేతులు కట్టేయకూడదు. కట్టుకోవడానికి ఆ ఆలోచన సాయం చేస్తుంది. అద్దె ఒక నెల ఆలస్యమైన కుటుంబానికి మాత్రం ఎదురు నిలుస్తుంది.

కాలిఫోర్నియాతో పోల్చితే తేడా ఇంకా తెలుస్తుంది. అక్కడ అద్దె పెంపుకు హద్దు ఉంది, వోచర్ కాదనకూడదన్న చట్టం ఉంది, పేదల ఇళ్లకు నిధులున్నాయి. కట్టడానికి మాత్రం దశాబ్దాల పాటు అనుమతులు, రుసుములు, పర్యావరణ దావాలు అడ్డొచ్చాయి. టెక్సస్‌లో కట్టడం తేలిక, రక్షణలు లేవు. రెండు రాష్ట్రాల్లోనూ సగం సగం పనే జరిగింది. రెండు సగాల మధ్య పొత్తు కుదరదన్న సూత్రమేదీ లేదు.

నగర నియమాలను రాష్ట్రం రాయడం హైదరాబాద్ పాఠకులకు కొత్త కాదు. 2006లో జీవో 86తో భవనాల విస్తీర్ణంపై ఉన్న హద్దు తీసేసి, ఎత్తును రోడ్డు వెడల్పుతో ముడిపెట్టింది అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే.

శివార్లలోని తెలుగు కుటుంబాలకు

ఆస్టిన్ ప్రాంతంలోని తెలుగు కుటుంబాల్లో చాలామంది ఉండేది ఉత్తరాన రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్‌లలో. అవి వేరే పురపాలికలు, హోమ్ నియమాలు అక్కడ వర్తించవు. పైగా ఎక్కువ ఇళ్లు ఇంటి యజమానుల సంఘాలున్న లేఅవుట్లలో ఉన్నాయి. ఒక స్థలంలో ఒకే ఇల్లు అని దస్తావేజులో షరతు ఉంటే, నగర నియమమైనా రాష్ట్ర కొత్త చట్టమైనా దాన్ని దాటలేదు. పెరట్లో అమ్మానాన్నల కోసం చిన్న ఇల్లు వేయాలనుకునేవారు ముందు చదవాల్సింది ఆ దస్తావేజునే. ఆస్టిన్ పడమటి పేటలు కొన్నింటికీ ఇలాంటి షరతులే కాపలా. దాంతో హోమ్ కింద కట్టే ఒత్తిడి షరతులు లేని తూర్పు వైపే ఎక్కువ పడే ప్రమాదం ఉంది.

2022 వసంతంలో ఆ ప్రాంతంలో మధ్యస్థ ఇంటి ధర 5.5 లక్షల డాలర్లకు చేరింది. తర్వాత దాదాపు ఐదో వంతు తగ్గింది. అడిగిన ధర మీద 50 వేలు, లక్ష ఎక్కువ పెట్టి కొన్న కుటుంబాలకు ఇప్పుడు అప్పు ఇంటి విలువకు దగ్గరగా వచ్చింది. వీసా మీద ఉండి, ఉద్యోగం పోతే ఊరు మారాల్సిన వారికి ఇది కాగితం మీది నష్టంగా మిగలదు. అదే సమయంలో విశ్వవిద్యాలయం దగ్గర నలుగురు కలిసి ఒక ఫ్లాటు తీసుకున్న విద్యార్థులకు అద్దె బేరమాడే వీలు చిక్కింది. లియాండర్‌లో ఇల్లున్న అన్నకు విలువ తగ్గడం, ఆస్టిన్‌లోని రివర్‌సైడ్ పేటలో గది వెతికే తమ్ముడికి అద్దె తగ్గడం ఒకే కారణం వల్ల జరిగాయి. ఈ ఏడాది కొత్త పర్మిట్లు ఎన్ని పడతాయన్నదాన్ని బట్టే వాళ్లిద్దరి తర్వాతి మూడేళ్ల లెక్క ఉంటుంది.